పలకలో పట్టని మాట

అనగనగా అని నేనంటే మీరు ఊఁ అనాలి. ఊఁ కొట్టనివాళ్ళకు నేను కథ చెప్పను, ముందే చెబుతున్నాను. ఇది నవ్వుకునే కథ కాదు. అయినా చెప్పక తప్పదు. ఎందుకంటే మీరంతా పెద్దలు చెప్పారంటూ రోజుకు పది మాటలు ఒకరిమీద ఒకరు విసురుకుంటున్నారు. ఎవరన్నారు, ఎప్పుడన్నారు, ఎవరితో అన్నారు అని నేనడిగితే మాత్రం ఒక్కరూ నోరు విప్పరు.

సరే, వినండి.

అనగనగా రాతివాకిలి అని ఒక నగరం. దానికి రాజు కొమరభూపతి. మంచివాడే. ప్రజలు పిలిస్తే పలికేవాడు, పనుంటే తనే గుర్రమెక్కి వచ్చేవాడు.

ఆ నగరంలో ఒక ఆచారం ఉండేది. ఏటా ఉగాదికి తూర్పు వాకిలి గోడలో ఒక కొత్త పలక పొదిగేవారు. ఆ ఏడాదిలో ఎవరైనా నలుగురికీ పనికొచ్చే మాట అంటే, దాన్ని ఆ రాతిపలక మీద చెక్కించేవారు. ఏడాదికి ఒకటే పలక. పలక మీద ఒకటే వరుస. ఆ వరుసలో పదిహేడు అక్షరాలు పడతాయి. పద్దెనిమిదో అక్షరానికి చోటు లేదు, రెండో వరుస చెక్కడానికి వీల్లేదు.

ఎందుకయ్యా అంటే, సంతకు పోయే జనం నెత్తిన గంపలతో ఆ వాకిలి దాటుతారు. గంప దించకుండా, కాలు ఆపకుండా చదువుకుంటూ పోవాలి. ఇది ఈ రాజుగారి తాతగారు పెట్టిన కట్టుబాటు. ఉద్దేశం మంచిదే, నేను కాదనను. కానీ లోకంలో మాటలన్నీ గంప దించకుండా చదివే మాటలు కావు. ఆ సంగతి తాతగారికి తోచలేదు.

ఒక ఏడు వానలు విపరీతంగా కురిశాయి. నగరానికి ఆమడ దూరంలో నల్లకొండ ఉంది. పదిమంది గొర్రెల కాపరులు వానకు తడవకుండా ఆ కొండ గుహలో దూరారు. పైనుంచి చరియ విరిగిపడి గుహ మూసుకుపోయింది.

రాజు కబురు విని పరుగున వచ్చాడు. పలుగులు, పారలు తెప్పించాడు. తవ్వుతున్నకొద్దీ మట్టి జారుతూనే ఉంది. పద్దెనిమిది రోజులు పట్టింది. గుహ గోడ వెంట కారే నీళ్ళు నాలుకతో అందుకుంటూ పదిమందీ ప్రాణాలు నిలుపుకున్నారు. బయటికి తీసేసరికి ఒంట్లో ఎముకలు తప్ప ఏమీ లేవు.

ఇంటివాళ్ళు ఊరుకుంటారా? పులగం వండి తెచ్చారు. గారెలు తెచ్చారు. పెరుగన్నం కుండలకు కుండలు తెచ్చారు. ముందుగా బయటికి వచ్చిన ఇద్దరికీ అమ్మలూ అక్కలూ ఏడుస్తూ, నవ్వుతూ, ముద్ద మీద ముద్ద పెట్టారు. ఆ ఇద్దరూ ఆబగా తిన్నారు. పొద్దు వాలకముందే కడుపు పట్టుకుని మెలికలు తిరిగి పోయారు.

అప్పుడు వచ్చింది మాచమ్మ. నగరంలో ముప్పై ఏళ్ళుగా నాడి పట్టి మందిచ్చే వైద్యురాలు. గట్టి మనిషి, గట్టి గొంతు. కుండలన్నీ పక్కకు నెట్టించి అందరికీ వినబడేట్టు చెప్పింది.

"పస్తున్నవాడికి అన్నం పెట్టకండి. గంజి పట్టండి. పల్చటి గంజి, చిటికెడు ఉప్పు, గుక్క తరవాత గుక్క. మూడు రోజులు అట్లా పట్టి, నాలుగోనాడు మెత్తటి ముద్ద పెట్టండి. వారం తిరిగాక అడిగినంతా పెట్టండి. పెట్టకుండా మాత్రం ఉండకండి."

ఇదీ మాచమ్మ అన్న మాట. మొత్తం మాట. బాగా గుర్తుపెట్టుకోండి.

రాజు కూడా కింద మట్టిలో కూలబడి, ఒక కాపరి తల ఒళ్ళో పెట్టుకుని, కొబ్బరిచిప్పతో గంజి పట్టాడు. వేడి గంజి ఒలికి వేళ్ళు కాలాయి. అయినా చిప్ప కింద పెట్టలేదు. మిగతా ఎనిమిదిమందీ బతికారు.

ఉగాది దగ్గర పడింది. "ఈ ఏటి పలక మాచమ్మది" అన్నాడు రాజు. ఊరంతా సంతోషించింది.

పలకలు చెక్కేవాడి పేరు నాగోజు. ఒకనాటి ఉదయం అతను మాచమ్మ ఇంటికి వచ్చి అరుగుమీద కూర్చున్నాడు. వేళ్ళమీద అక్షరాలు లెక్కపెట్టాడు.

"అమ్మా, మీరన్నదంతా పట్టదు. 'పస్తున్నవాడికి అన్నం పెట్టకండి' అనేసరికి పన్నెండయ్యాయి. ఇంక ఐదు మిగిలాయి. 'గంజి పట్టండి' సరిగ్గా ఐదు. దేవుడు కొలిచి ఇచ్చినట్టుంది" అన్నాడు.

మాచమ్మ తల ఊపింది.

"మరి నా పేరో, నాయనా?"

"పేరు వేస్తే గంజి పోతుందమ్మా. 'మాచమ్మ మాట' అన్నా ఐదే. రెంటిలో ఏదో ఒకటే. పోయినేటి పలక మీద పేరు లేదు, అంతకుముందు ఏటి దానిమీద ఉంది. మీ ఇష్టం."

మాచమ్మ ఆలోచించింది. ముప్పై ఏళ్ళుగా ఎంతమందికి పురుడు పోసిందో, ఎన్ని జ్వరాలు దించిందో ఆమెకే తెలియదు. అయినా ఊళ్ళో ఎవరికైనా వైద్యుడంటే పక్క వీధిలో మీసాలున్న వైద్యుడే ముందు గుర్తుకొచ్చేవాడు. ఆడదాని పేరు ఆ గోడమీద ఇంతవరకు ఒక్కటీ లేదు. తను పోయాక తన పేరు తలిచేవాళ్ళు కూడా ఉండరు.

"గంజి సంగతి ఊరందరికీ తెలుసు కదా నాగోజూ. ఎనిమిదిమంది కళ్ళెదుట తిరుగుతున్నారు. పేరే వెయ్యి" అంది.

నాగోజు ఒక క్షణం తటపటాయించాడు. పెద్దావిడ మాట కాదనలేక పేరే చెక్కాడు.

ఇక్కడ కాస్త ఆగండి. మీలో ఎవరో అప్పుడే మాచమ్మను తిట్టుకుంటున్నారు, మీ మొహాలు చూస్తే తెలుస్తూనే ఉంది. నేనైతే తిట్టను. మీ పేరు రాతికెక్కుతుందంటే మీరేమనేవారో గుండెమీద చెయ్యేసుకుని చెప్పండి, అప్పుడు తిడుదురుగాని.

ఉగాదినాడు పలక గోడలోకి ఎక్కింది. పస్తున్నవాడికి అన్నం పెట్టకండి, మాచమ్మ మాట. మాచమ్మ వెళ్ళి చివరి ఐదక్షరాల మీద వేలు పెట్టి తడుముకుంది. ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి. సంతోషంతోనే లెండి.

ఆ ఎండాకాలమే సముద్రం ఒడ్డు రాజ్యంలో విషజ్వరాలు పుట్టాయి. అక్కడివాళ్ళు మాచమ్మను పిలిపించుకున్నారు. ఏడాదిలో వస్తానని వెళ్ళింది. ఒక జ్వరం తగ్గితే ఇంకొకటి. వెళ్ళిన మనిషి తిరిగి రావడానికి పన్నెండేళ్ళు పట్టింది.

ఈ పన్నెండేళ్ళలో ఏం జరిగిందో చెబుతాను.

మొదట్లో బాగానే ఉంది. కొత్తవాళ్ళు పలక చదివి ఇదేమిటని అడిగితే, అది నల్లకొండ సంగతిలే, తరవాత గంజి పట్టాలిలే అని ఎవరో ఒకరు చెప్పేవారు. కొన్నాళ్ళకు ఆ ఎనిమిదిమంది కాపరులు కొత్త గడ్డి వెతుక్కుంటూ కొండ అవతలికి మందలు తోలుకుపోయారు. ముసలివాళ్ళు పోయారు. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. పలక మాత్రం అక్కడే ఉంది. అది రాయి కదా, ఎక్కడికి పోతుంది?

ఒక ఇంట్లో అత్తగారు బిచ్చగాడికి పిడికెడన్నం తెచ్చింది. కోడలు వచ్చి చెయ్యి పట్టుకుంది. "అత్తా, తూర్పు వాకిట్లో రాసింది చూడలేదా? అతను ఎన్నాళ్ళ పస్తో ఏమో, పెడితే ప్రాణం మీదికొస్తుంది." అత్తగారు భయపడి అన్నం లోపలికి పట్టుకుపోయింది. ఇద్దరూ మంచివాళ్ళే. ఆ పూట ఇద్దరికీ ముద్ద దిగలేదు కూడా.

ఆ తరవాత సత్రం. సత్రం పెద్ద పేరు గోపన. వచ్చినవాళ్ళందరినీ అతను ఒకటే ప్రశ్న అడిగేవాడు, "ఎప్పుడు తిన్నావు?" అని. పొద్దున తిన్నానన్నవాడికి ఆకు వేసి వడ్డించేవాడు. రెండు రోజులైందన్నవాడికి చెంబుడు నీళ్ళిచ్చి, దండం పెట్టి సాగనంపేవాడు. కడుపు నిండినవాడికి విందు, ఎండినవాడికి నీళ్ళు. దీన్ని ధర్మసత్రం అన్నారు. నాకు ఒళ్ళు మండుతుంది, ఇంతకంటే ఏమీ చెప్పను.

ఇక మూడోది. కొలువులో పేరిశాస్త్రి అని ఒక పండితుడుండేవాడు. గోడ పలకల మీది మాటలకు అర్థం చెప్పడం ఆయన ఉద్యోగం. ఆయన ఆ పలకకు నూరు తాటాకుల వ్యాఖ్యానం రాశాడు. ఆకలి అంటే దేహం చేసే తపస్సట. దాన్ని అన్నంతో భంగం చెయ్యడం మహాపాపమట. సభలో చదివి శాలువా కప్పించుకున్నాడు. పదిహేడు అక్షరాలకు నూరు ఆకులు రాసినాయన నల్లకొండ పేరు గానీ, కాపరుల ఊసు గానీ ఒక్కచోటైనా తలవలేదు. ఆ వ్యాఖ్యానం విన్న రాజు, పస్తున్నవాళ్ళకు అన్నం పెట్టేవాళ్ళను విషం పెట్టినవాళ్ళలా చూడమని భటులకు ఆజ్ఞ ఇచ్చాడు. పాపం, ప్రాణాలు కాపాడుతున్నాననే అనుకున్నాడు.

ఇట్లా ఉండగా ఒక ఏడు వాన చుక్క పడలేదు. దక్షిణాన ఒక పల్లె పల్లెంతా ఎండిపోయింది. ఆ పల్లెవాళ్ళు నలభైమంది నడుచుకుంటూ వచ్చి తూర్పు వాకిలి బయట మండపంలో కూలబడ్డారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మాచమ్మ తిరిగి వచ్చింది. జుట్టు నెరిసింది, నడుం వంగింది, చేతిలో కర్ర. మిట్టమధ్యాహ్నం మండపం దగ్గర నీడకు ఆగింది. ఆగి చూస్తే అంతా ఎముకల గూళ్ళు.

ఒక తల్లి ఐదేళ్ళ కూతురిని ఒళ్ళో వేసుకుని ఈగలు తోలుతోంది. తల్లి పేరు ఓబులమ్మ, పిల్ల పేరు లచ్చి. మాచమ్మ అడక్కుండానే పిల్ల చెయ్యందుకుని నాడి చూసింది. రెండు రోజులు, మహా అయితే మూడు. ఈలోగా కడుపులో గంజి పడుతూ ఉంటే బతుకుతుంది.

"ఇక్కడికి వచ్చి ఎన్నాళ్ళయిందమ్మా?" అని అడిగింది.

"నాలుగు రోజులు" అంది ఓబులమ్మ.

"ఎవరూ ఏమీ పెట్టలేదా?"

"నీళ్ళిచ్చారు. పాపం, ఏడుస్తూనే ఇచ్చారు. అన్నం పెడితే మేం చస్తామట. ఎవరో మాచమ్మ చెప్పిందట."

మాచమ్మ గుండె గుభేలుమంది. తరవాత సంచీలో చూసుకుంటే రెండు గుప్పెళ్ళ రాగిపిండి ఉంది. మూడు రాళ్ళు పెట్టి గంజి కాచి, చిన్నపిల్లలకు తలా నాలుగు గుక్కలు పట్టింది. లచ్చి గుటక వేసి, ఇంకా కావాలన్నట్టు చూసింది. అంతలో వాకిటి భటులు వచ్చారు. కొట్టలేదు, తిట్టలేదు. "అవ్వా, తెలియక చేస్తున్నావు, గంజైనా అన్నమే కదా, వీళ్ళను చంపకు" అని బతిమాలి కుండ తీసుకుపోయారు.

"నేనే మాచమ్మని నాయనా" అంది ఆమె.

"ఆవిడ కాలం చేసి ఎన్నేళ్ళయిందో అవ్వా. గొప్పవాళ్ళ పేరు అట్లా పెట్టుకోకూడదు" అన్నాడు భటుడు.

మాచమ్మ వాకిలి దాటుతూ గోడవైపు చూసింది. తన పేరు ఎండలో మెరుస్తోంది. రోజూ ఎవరో నూనె రాసి తుడుస్తున్నారు కాబోలు, మిగతా పలకలకంటే అదే నున్నగా ఉంది.

ముందుగా నాగోజు ఇంటికి వెళ్ళింది. నాగోజు కూడా ముసలివాడయ్యాడు. ఆమెను చూడగానే గుర్తుపట్టాడు. గుర్తుపట్టి, లేవలేక, అక్కడే కూర్చుని ఏడ్చాడు.

"పన్నెండేళ్ళుగా ఆ వాకిలి దాటలేదమ్మా. ఎంత దూరమైనా పడమటి వాకిట్లోంచే తిరిగి పోతున్నాను. ఆ నలభైమందీ వచ్చిన రోజున అట్లాగే చుట్టూ తిరిగి కుండతో గంజి తీసుకెళ్ళాను. భటులు పారబోశారు. మీ అరుగుమీద అక్షరాలు లెక్కపెట్టిన రోజున నేను ఇంకొక్క మాట గట్టిగా చెప్పి ఉంటే మీరు వినేవారు కదా?"

"వినేదాన్ని కాదు నాగోజూ. అప్పుడు నా చెవుల్లో నా పేరే వినబడుతోంది" అంది మాచమ్మ. "ఇప్పుడు ఆ పలక మార్చు."

"రాజుగారి మాట లేకుండా గోడమీద ఉలి పెట్టకూడదమ్మా. పలకల సంగతి రాజుగారి దాకా పోవాలంటే ముందు పేరిశాస్త్రి గారు ఒప్పుకోవాలి."

ఆ రోజు అట్లా పోయింది.

మర్నాడు పొద్దున్నే పేరిశాస్త్రి ఇంటికి వెళ్ళింది. శాస్త్రి ఆమెను ఎగాదిగా చూశాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు. విని, చిరునవ్వు నవ్వాడు.

"అవ్వా, మూలంలో గంజి లేదు. నేను ఆ పలకను వెయ్యిసార్లు చదివాను."

"మూలం పలక కాదు శాస్త్రిగారూ, నా నోరు. నల్లకొండ దగ్గర అన్నాను. ఎనిమిదిమంది కాపరులను ముందుపెట్టుకుని అన్నాను."

"నువ్వు మాచమ్మవే అనుకుందాం. అయినా మాట బయటికి వచ్చాక నీది కాదు. దాని లోతు నీకు తెలియదు. దానిమీద నూరు ఆకులు రాశాను, శిష్యులు కంఠతా పట్టారు. ఇప్పుడు వచ్చి గంజి అంటావేమిటి? నా వ్యాఖ్యానం ఏం కావాలి?"

"మండపంలో నలభైమంది ఏం కావాలి?" అంది మాచమ్మ.

శాస్త్రి లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. ఆమె సాయంత్రం దాకా ఆ అరుగుమీదే కూర్చుంది. తలుపు తియ్యలేదు. నెత్తీ నోరూ కొట్టుకున్నా లాభం లేదని తెలిశాక లేచింది.

మూడోరోజు తిన్నగా రాజుగారి కొలువుకే పోయింది. ద్వారపాలకులు అడ్డుపడితే కర్ర నేలకేసి కొట్టి, ఆ పాత గట్టి గొంతుతో పిలిచింది. "కొమరభూపతీ." రాజుని పేరు పెట్టి పిలిచిందెవరా అని సభంతా ముక్కున వేలేసుకుంది. రాజు ఆ గొంతు గుర్తుపట్టాడు.

"మాచమ్మా, నువ్వు బతికే ఉన్నావా? రా, కూర్చో. నీ మాట ఈ నగరాన్ని కాపాడుతోంది" అన్నాడు.

"నా మాట మీ దగ్గర లేదు ప్రభూ. సగమే ఉంది. పస్తున్నవాడికి అన్నం పెట్టకండి, గంజి పట్టండి అన్నాను. మూడు రోజులు పట్టి, ఆ తరవాత అన్నం పెట్టమన్నాను."

రాజు నుదురు చిట్లించాడు. చాలాసేపు ఆలోచించాడు.

"లేదమ్మా. ఆ రోజు నేను నీ పక్కనే ఉన్నాను. నా చెవులతో విన్నాను. నువ్వన్నది అంతే" అన్నాడు.

వినండి మరి. ఆయన అబద్ధమాడటం లేదు. పన్నెండేళ్ళు రోజూ ఆ పలక చూసీ చూసీ, తన చెవితో విన్నదాన్ని ఆయన మర్చిపోయాడు. రాతిమీద ఉన్నదే విన్నాననుకుంటున్నాడు. మీరు నవ్వకండి, మీకూ నాకూ జరిగేది ఇదే.

మాచమ్మకు కోపం రాలేదు. ఆ వయసులో కోపానికి ఓపిక కూడా ఉండదు. నెమ్మదిగా అడిగింది.

"ప్రభూ, ఆనాడు కాపరులు ఎంతమంది బతికారు?"

"ఎనిమిదిమంది."

"పద్దెనిమిది రోజుల పస్తు. అన్నం పెట్టొద్దని మాత్రమే చెప్పి నేను ఊరుకుని ఉంటే వాళ్ళు ఎట్లా బతికారు? ఏం తాగి బతికారు?"

రాజు సింహాసనం మీద ముందుకు వంగాడు.

"ఒక కాపరి తల ఎవరి ఒళ్ళో ఉంది? చిప్ప ఎవరు పట్టుకున్నారు?"

రాజు తన కుడిచేతి వేళ్ళవైపు చూసుకున్నాడు. చూస్తూ చూస్తూ ఉండగానే ఆయన ముఖం పాలిపోయింది.

"గంజి" అన్నాడు. "కాలింది. చెయ్యి కాలింది నాకు."

ఆ తరవాత ఆయన సింహాసనం మీద కూర్చోలేదు. వంటశాలకు తనే నడిచాడు. పొయ్యిలన్నిటి మీదా గంజి పెట్టించాడు. పాత ఆజ్ఞ అప్పటికప్పుడు కొట్టేశాడు. పేరిశాస్త్రి తల వంచుకుని నిలబడితే ఆయనవైపు చూడను కూడా చూడలేదు.

"ఎవరిని శిక్షించమంటావు మాచమ్మా?" అని అడిగాడు.

"ఎవరినీ వద్దు. పలకమీద నా పేరు చెరిపించండి. ఆ ఐదక్షరాల చోట గంజి పట్టండి అని చెక్కించండి."

"నీ పేరు లేకపోతే ఆ మాటను ఎవరు లెక్కచేస్తారు?"

"నా పేరు ఉంటే ఏమైందో చూశారు కదా" అంది మాచమ్మ.

నాగోజు పన్నెండేళ్ళ తరవాత తూర్పు వాకిలి గోడ ముందుకు వచ్చాడు. ఆ ఐదక్షరాలూ చెక్కి పారేశాడు. రాయి అక్కడ గుంటపడింది. ఆ గుంటలోనే కొత్త అక్షరాలు చెక్కడం మొదలుపెట్టాడు.

గంజి కుండలు మండపానికి చేరేసరికి మధ్యాహ్నమైంది. వచ్చినవాళ్ళు నలభైమంది. ఉన్నవాళ్ళు ముప్పై ఏడుమంది. ఇద్దరు ముసలివాళ్ళు ముందురోజు పోయారు. లచ్చి ఆ పొద్దున్నే పోయింది. కొలువు తలుపు దగ్గర మాచమ్మ ద్వారపాలకులతో వాదులాడుతున్న వేళకు ఇక్కడ ఓబులమ్మ పిల్ల కళ్ళు మూస్తోంది. ఒక్క పూట. ఒక్క పూట ముందైతే సరిపోయేది. ఈ మాట చెప్పడానికి నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మాచమ్మ ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని గంజి పట్టింది. ముప్పై ఆరుమంది తాగారు. ఓబులమ్మ తాగలేదు. కాళ్ళు చాపుకుని, ఖాళీ ఒళ్ళోకి చూసుకుంటూ కూర్చుంది. మాచమ్మ పక్కన కూర్చుని చిప్ప పెదవుల దగ్గర పెట్టి, పొద్దు వాలేదాకా బతిమాలింది. చివరికి ఓబులమ్మ ఒక గుక్క తాగింది. తరవాత ఇంకొకటి.

"నువ్వెవరో గానీ అమ్మా, నీ చెయ్యి చల్లనిది" అంది ఓబులమ్మ. "ఆ మాచమ్మ అనే ఆవిడ ఎక్కడైనా కనబడితే అడగాలని ఉంది. నా బిడ్డ నీకేం అపకారం చేసిందని అడగాలని ఉంది."

మాచమ్మ ఊరుకోవచ్చు. పలకమీద పేరు పోయింది. ఆ మండపంలో ఆమె ఎవరో ఎవరికీ తెలియదు. తెల్లారితే అందరూ ఆమె కాళ్ళకు దండం పెట్టి, తలో దారినా పోతారు. ఆమె ఊరుకోలేదు.

"నేనే ఓబులమ్మా. మాచమ్మను నేనే" అంది.

అంతా చెప్పింది. నల్లకొండ చెప్పింది, కాపరులను చెప్పింది, నాగోజు తన అరుగుమీద కూర్చుని అక్షరాలు లెక్కపెట్టడం చెప్పింది. పేరా గంజా అని అతనడిగితే తను పేరు అన్న సంగతి కూడా దాచలేదు.

ఓబులమ్మ కళ్ళార్పకుండా విన్నది. తిట్టలేదు, చెయ్యెత్తలేదు.

"అయితే గంజి సంగతి నీకు ముందే తెలుసు" అంది.

"తెలుసు."

"రాయడానికి చోటు కూడా ఉంది."

"ఉంది."

ఓబులమ్మ చిప్ప కింద పెట్టింది.

"మరి ఆ మాట కూడా రాయించాల్సింది కదమ్మా" అంది.

ఆ తరవాత బతికిన ఏడేళ్ళూ మాచమ్మ ఆ మాటకు జవాబు వెతుక్కుంది. దొరకలేదు.

కాబట్టి పిల్లలూ, పెద్దలూ, మాట అనేవాళ్ళు మొత్తం అనాలి, విన్నవాళ్ళు మొత్తం మొయ్యాలి; సగంలో తెంపిన మాట ఎంత గొప్పవాళ్ళదైనా ఎవరో ఒకరి బిడ్డను బలి తీసుకుంటుంది.